కృష్ణానగర్ గాలిలో ఎవరెవరున్నారు?

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏ హాస్టల్ నాలుగో అంతస్తులోనో నిలబడి ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఆప్ తెరిస్తే పేర్ల వరస తెర దాటి కిందికి పోతూనే ఉంటుంది. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన పేరునే ఉంచేసినవాళ్లు కొందరు, ఇంటిపేరు పెట్టుకున్న ఓనర్లు కొందరు. ఎడిటింగ్ రూములు, కర్రీ పాయింట్లు, అభిమాన హీరోలు, పాస్‌వర్డ్ అడగొద్దని ముందే చెప్పేసే పేర్లు కూడా ఉంటాయి. మధ్యమధ్యలో పేరే లేని ఖాళీ వరసలు. ఆప్ బదులు లాప్‌టాప్‌లో కిస్మెట్ లాంటి పర్యవేక్షణ సాధనం నడిపితే జాబితా ఇంకా పెరుగుతుంది. రూటర్లతో పాటు ఫోన్లు, టీవీలు, ఇయర్‌బడ్లు, చేతి వాచీలు, కెమెరాలు, ఎవరి బ్యాగు అడుగునో పడి ఉన్న ట్రాకర్ బిళ్ల, అన్నీ వచ్చి చేరతాయి.

ఇన్ని పరికరాల మధ్య బతుకుతున్నామా అని ఆశ్చర్యపోవడం సహజమే. అయితే ఆ తెర మీద ఉన్నది పరికరాల లెక్క కాదు, గాలిలో వినిపించిన ప్రకటనల లెక్క. ఒకే పెట్టె నాలుగు వరసల్లో కనిపించొచ్చు. ఒకే ఫోను గంటలో పది వరసలు కావచ్చు. గదిలో పక్కనే ఉన్న వస్తువు ఒక్క వరసలో కూడా కనిపించకపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా జాబితాను వడగడితే వచ్చేది తప్పు జవాబు. అదీ శుభ్రంగా, నమ్మబుద్ధి అయ్యేలా వస్తుంది.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పంచే కుర్రాళ్లను చూసినవాళ్లకు రూటర్ ఏం చేస్తుందో చెప్పడం తేలిక. వినేవాళ్లున్నా లేకున్నా ఇన్‌స్టిట్యూట్ పేరు, కోర్సు, డెమో క్లాసు టైము వాళ్లు చెబుతూనే ఉంటారు. రూటర్ కూడా మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు 10 సార్లు, బీకన్ అనే చిన్న సందేశాన్ని గాలిలోకి వదులుతుంది. తన పేరు, తన చిరునామా, ఏ ఛానల్లో ఉన్నదీ, ఎంత వేగం ఇవ్వగలదీ, ఏ రకం పాస్‌వర్డ్ రక్షణ వాడుతున్నదీ అందులో ఉంటాయి. ఇదంతా బాహాటంగానే జరగాలి. ఇంకా కనెక్ట్ కాని ఫోను కూడా చదవగలిగితేనే కదా కనెక్ట్ అయ్యేది! మనం పెట్టే పాస్‌వర్డ్ లోపల పోయే మాటల్ని దాస్తుంది తప్ప ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిపే చిరునామాలను దాచదు. పర్యవేక్షణ సాధనాలు బతికేది ఆ సందులోనే.

పేరుకు ఇచ్చిన చోటు 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ తలా 3 బైట్లు కావాలి. 'కృష్ణానగర్' అని తెలుగులో పెడితే సరిగ్గా 30 బైట్లు. పట్టింది. పక్కన 'వైఫై' అని చేర్చబోతే పట్టదు. ఏ కమిటీ కూర్చుని ఈ 32ను నిర్ణయించిందో గాని, మన ఒత్తుల్ని మాత్రం లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ఖాళీ వరసల సంగతికొస్తే, అవి పేరు దాచుకున్న నెట్‌వర్కులు. భద్రత కోసమని చాలామంది ఈ సదుపాయం ఆన్ చేస్తారు. బీకన్ మాత్రం ఆగదు, అందులో పేరుండే చోటు ఖాళీగా పోతుందంతే. ఇంట్లోవాళ్ల ఫోను కనెక్ట్ అయ్యే క్షణంలో ఆ పేరు బయటపడుతుంది, వింటున్న సాధనం దాన్ని పట్టుకుని ఖాళీ వరసలో నింపేస్తుంది. పైగా పేరు దాచిన నెట్‌వర్కును గుర్తుపెట్టుకున్న ఫోను ఊరంతా తిరుగుతూ, ఆ పేరున్నవాళ్లు ఇక్కడున్నారా అని తనే అడుగుతూ పోతుంది. దాచడం వల్ల ఇంట్లో ఉండాల్సిన పేరు పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్తుంది.

పేరు ఎవరైనా మార్చుకోవచ్చు. చిరునామా అలా కాదు, లేదా ఒకప్పుడు అలా కాదు. 48 బిట్ల ఆ సంఖ్యలో మొదటి సగం సాధారణంగా తయారీదారుకు ఐట్రిపుల్ఈ అనే సంస్థ కేటాయించిన భాగం. సాధనం ఆ సగం చూసి పక్కనే కంపెనీ పేరు అచ్చువేస్తుంది. ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. అది బయట డబ్బా మీదున్న బ్రాండు కాకపోవచ్చు, లోపలి చిప్ తయారుచేసినవాళ్లది కావచ్చు. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ పేరు జాబితాలో కనిపిస్తే అది స్మార్ట్ బల్బు కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు బోర్డు కావచ్చు.

ఒక పెట్టె నాలుగు వరసలు అవడం ఇలా: ఈనాటి రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక చిరునామాతో, 5 గిగాహెర్ట్జ్‌లో మరో చిరునామాతో ప్రకటిస్తాయి. రెండిటి మీదా అతిథుల కోసం వేరే పేరు పెడితే మరో రెండు చేరతాయి. వీటి చిరునామాలు చాలావరకు ఒక అంకె తేడాతో ఉంటాయి కాబట్టి కళ్లతోనే కలుపుకోవచ్చు. ఫోన్ల విషయంలో అది కుదరదు. 2013లో లండన్ నగరం నడిబొడ్డున కొన్ని చెత్తబుట్టలకు వైఫై రిసీవర్లు అమర్చి, పక్కనుంచి పోయేవాళ్ల ఫోన్ చిరునామాలను లెక్కపెట్టారు. ఆగస్టులో ఆ సంగతి బయటపడి గొడవైంది, నగరపాలక సంస్థ ఆపించింది. ఆ మరుసటి ఏడాది ఐఫోన్లు, చుట్టుపక్కల వెతికేటప్పుడు నకిలీ చిరునామా వాడటం మొదలుపెట్టాయి. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చేసరికి కనెక్ట్ అయ్యేటప్పుడు కూడా నెట్‌వర్కుకో చిరునామా వాడటమే మామూలైంది. కనిపెట్టే గుర్తు ఒకటుంది. చిరునామాలో రెండో స్థానంలో 2 గాని, 6 గాని, ఇంగ్లీషు ఏ గాని, ఈ గాని ఉంటే అది కంపెనీ ఇచ్చినది కాదు, అక్కడికక్కడ కల్పించుకున్నది. అతిథి నెట్‌వర్కుల కోసం కొన్ని రూటర్లు కూడా ఇలాగే చేస్తాయి గనుక, ఆ గుర్తున్నవన్నీ ఫోన్లే అనుకుని వడగట్టేస్తే పక్కింటి రూటర్ కూడా ఎగిరిపోతుంది.

కృష్ణానగర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు మెట్రో 2019 మార్చిలో మొదలైంది. మధురానగర్, యూసుఫ్‌గూడ స్టేషన్ల మీదుగా పోయే ఆ పైవంతెన పక్కన గది ఉన్నవాళ్ల జాబితాలోకి రైలు వచ్చినప్పుడల్లా ఫోన్లు, ఇయర్‌బడ్లు ఒక్క ఉదుటున వచ్చిపడి, కాసేపటికి మౌనమవుతాయి. సాధనం వాటిని తుడిచెయ్యదు. సాయంత్రానికి జాబితా పొడుగు చూసి జనాభా అంచనా వేసేవాళ్లు నిజానికి రైళ్లను లెక్కపెడుతున్నట్టే.

ఇక్కడ పనికొచ్చే వడపోత సమయం. కిస్మెట్ ప్రతి వరసకూ మొదట ఎప్పుడు వినిపించిందో, చివరిగా ఎప్పుడు వినిపించిందో రాసిపెడుతుంది. ఆ రెంటి మధ్య అర నిమిషమే ఉంటే దారిన పోయేవాళ్లు. గంటలు ఉంటే ఇరుగుపొరుగు. పేరు చూసి, కంపెనీ చూసి తలబద్దలు కొట్టుకునే బదులు మొదట ఈ గడి మీద వరస పేర్చుకోవడమే నయం. జాబితాలో సగం చెత్త ఈ ఒక్క పనితో పోతుంది.

కిస్మెట్‌ను మైక్ కెర్షా అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2000ల తొలినాళ్లలో మొదలుపెట్టాడు. ఇది ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. ఇది ఎవరినీ పలకరించదు, ఊరికే వింటుంది. మామూలుగా మన వైఫై రేడియో తనకు రాని మాటల్ని వినగానే పారేస్తుంది. ఏదీ పారేయకుండా అన్నీ పైకి అందించే స్థితిని మానిటర్ మోడ్ అంటారు. చాలా ఫోన్లలో అది కుదరదు. అందుకు పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్ వెతుక్కునేవాళ్లు సికింద్రాబాద్ సీటీసీకో, కోఠి గుజరాతీ గల్లీకో వెళ్తుంటారు. అడాప్టర్ ఎంత మంచిదైనా ఒక రేడియో ఒక్క క్షణంలో ఒక్క ఛానల్‌నే వినగలదు. అందుకని కిస్మెట్ మామూలు అమరికలో సెకనుకు 5 ఛానళ్ల చొప్పున మారుతూ తిరుగుతుంది. సెకనుకు 10 సార్లు అరిచే రూటర్ ఆ తిరుగుడులో తప్పక దొరుకుతుంది. పది నిమిషాలకోసారి ఒక్క ముక్క పంపే సెన్సర్ ఎన్ని గంటలకు దొరుకుతుందో దాని అదృష్టం.

ఆండ్రాయిడ్ ఆప్‌లకు ఇంకో సంకెల ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక ఆప్ రెండు నిమిషాల్లో నాలుగు సార్లకు మించి వెతకడానికి వీల్లేదు. అంటే ఫోను పట్టుకుని గదిలో ఆ మూలకీ ఈ మూలకీ నడుస్తూ అంకెలు చూసేవాళ్లకు కనిపిస్తున్నది ఒక్కోసారి పాత మూల అంకె. ప్రతిచోటా అర నిమిషం నిలబడాలి.

ఆ అంకెల విషయం చూద్దాం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో, మైనస్ గుర్తుతో చూపిస్తారు. మైనస్ 40 అంటే రూటర్ గదిలోనే ఉన్నంత బలం, మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, మైనస్ 85 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. 10 తగ్గితే శక్తి పదో వంతు అవుతుంది. మైనస్ 40కీ మైనస్ 70కీ తేడా 30 కాదు, వెయ్యి రెట్లు. అందరూ వాడే వడపోత ఇదే: మైనస్ 70 కన్నా బలహీనమైనవి తీసెయ్, దగ్గరివే మిగుల్తాయి. అది సగం నిజమే. సిమెంటు స్లాబు అవతల, రెండు మీటర్ల దూరంలో ఉన్న రూటర్ కన్నా కిటికీకి ఎదురుగా రోడ్డవతల బాల్కనీలో ఉన్నది బలంగా కనిపించొచ్చు. మనిషి అడ్డం నిలబడ్డా అంకె మారుతుంది.

మరి ఈ వడపోత దండగా? కాదు, అడగాల్సిన ప్రశ్న వేరు. ఎవరు దగ్గరున్నారని కాదు, నేను ఎవరి కోసం ఆగాల్సి వస్తోందని అడగాలి. వైఫైలో అందరూ ఒకే గాలిని వంతులవారీగా వాడుకుంటారు. మాట్లాడబోయే ముందు విని, ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగుతారు. అదే ఛానల్లో మైనస్ 82 డీబీఎం బలంతో వినిపించే వైఫై మాటకైనా ఆగాలని ప్రమాణం చెబుతుంది. కాబట్టి మన ఛానల్, మైనస్ 82 కన్నా బలం అనే రెండు వడపోతలు కలిపి పెడితే మిగిలేవాళ్లే మనతో వంతు పంచుకునేవాళ్లు. మైనస్ 70 దగ్గర కోసేస్తే వాళ్లలో చాలామంది తెర మీంచి పోతారు. గాలిలోంచి పోరు.

వాళ్లు ఏ సినిమా చూడకుండా, ఊరికే పేరు చెప్పుకుంటూ కూర్చున్నా మన వేగం పోతుంది. చిన్న లెక్క వేద్దాం. బీకన్ ఒక్కోటి 250 బైట్లు అనుకుంటే 2,000 బిట్లు. పాత పరికరాలకు కూడా అర్థం కావాలని చాలా రూటర్లు దాన్ని 2.4 గిగాహెర్ట్జ్‌లో అతి తక్కువ వేగంతో, సెకనుకు 10 లక్షల బిట్ల చొప్పున పంపుతాయి. ముందుండే సన్నాహంతో కలిపి ఒక్కో బీకన్‌కు దాదాపు 2.2 మిల్లీసెకన్లు. సెకనుకు పది అంటే ఒక్కో పేరు గాలి సమయంలో 2 శాతం తినేస్తుంది. ఒకే ఛానల్లో ఒకరికొకరు వినబడే పేర్లు 20 ఉంటే 40 శాతానికి పైగా సమయం పేర్లు చెప్పుకోడానికే సరి. కృష్ణానగర్ లాంటి చోట 20 అనేది పెద్ద అంకేమీ కాదు. 'సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు' అని హాస్టల్ కుర్రాళ్లు కేబుల్ అతన్ని తిట్టేదాంట్లో కొంత వాటా ఈ పేర్లదే. రూటర్ సెట్టింగుల్లో పాత 802.11బి వేగాలను ఆపేస్తే బీకన్ సెకనుకు 60 లక్షల బిట్ల వేగంతో పోతుంది, ఆ 2 శాతం అర శాతం కన్నా తక్కువకు దిగుతుంది. అవసరం లేని అతిథి నెట్‌వర్కులు తీసేసినా మేలే.

ఇప్పుడు అసలు ఉచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానళ్లున్నాయి. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఈ పట్టీని 2005 జనవరిలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో నెట్‌వర్కు వాడుకునే వెడల్పు 20. కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేందుకు మామూలుగా అందరూ వాడేవి 1, 6, 11. జాబితాను ఛానల్ ప్రకారం వడగట్టిన మనిషికి 1లో, 6లో, 11లో కిక్కిరిసిన వరసలు కనిపిస్తాయి, 3లో ఎవరూ ఉండరు. ఖాళీగా ఉంది కదా అని అక్కడికి మారతాడు. అక్కడ నిజంగా ఎవరూ లేరా? 1లో ఉన్నవాళ్లూ 6లో ఉన్నవాళ్లూ పక్కలకు పరుచుకుని 3 మీద పడే ఉన్నారు. ఛానల్ వేరు కావడంతో వాళ్ల మాట ఇతనికి అర్థమయ్యే సందేశంగా అందదు, ఊరికే రొదగా వినిపిస్తుంది. రొద అయితే మైనస్ 62 దాకా పెరిగితేనే ఆగమంటుంది ప్రమాణం. మైనస్ 70తో వినిపిస్తున్న పొరుగువాడి మీద ఇతను మాట్లాడేస్తాడు, వాడు ఇతని మీద మాట్లాడేస్తాడు, ఇద్దరి మాటా పాడవుతుంది. రద్దీగా ఉన్న 6లోనే వంతు కోసం నిలబడి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేది. ఖాళీ వరస చూసి గంతేసే ఈ అలవాటును నేర్పింది ఆప్‌లే. కొన్ని ఆప్‌లు నక్షత్రాలు వేసి మరీ ఆ ఛానల్‌ను సిఫారసు చేస్తాయి.

2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ చోటు లైసెన్సు లేకుండా వాడుకునేలా అయింది. ఆ వడపోత నొక్కి చూడండి, జాబితా ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. ఆ తరంగాలు గోడల్ని సరిగా దాటలేకపోవడమే కారణం. ఒకరి గోడను ఇంకొకరు ఆనుకుని బతికే కాలనీలో ఆ చేతకానితనమే వరం.

అసలు జాబితాలోకే రానివాళ్లూ ఉన్నారు. బీకన్ పంపనిదీ, వైఫై భాష మాట్లాడనిదీ వైఫై సాధనానికి కనిపించదు. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దాని నుంచి కొంచెం లీకైనా చాలు. సినిమా పనివాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ మనుషులకు ఈ కనిపించని రద్దీ దెబ్బ ఇంకో రకంగా తెలుసు. పెద్ద సినిమాకు డబ్బింగ్ థియేటర్ ఉంది, లొకేషన్‌లో మాట పాడైనా తర్వాత చెప్పించుకోవచ్చు. డాబా మీద తీసే యూట్యూబ్ ఇంటర్వ్యూకు, షార్ట్ ఫిల్మ్‌కు ఆ భాగ్యం లేదు. వాళ్లు అద్దెకు తెచ్చే చిన్న వైర్‌లెస్ కాలర్ మైకుల్లో చాలావరకు, 2019లో వచ్చిన రోడ్ వైర్‌లెస్ గో మొదలుకుని, ఇదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. మాట మధ్యలో తెగిందని ఫోన్ తీసి జాబితా చూస్తే మైకు అందులో ఉండదు, మైకును తినేస్తున్న గాలి రద్దీలో కొంత భాగమే ఉంటుంది. అక్కడ కావలసింది పేర్లు చదివే సాధనం కాదు, ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందో గీసి చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్. అది దొరక్కపోతే రిసీవర్‌ను మనిషికి ఎదురుగా, అడ్డం లేకుండా, దగ్గరగా పెట్టడం. యూనిట్‌లో అందరి ఫోన్ల వైఫై, హాట్‌స్పాట్ ఆపించడం. ఇది సౌండ్ వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసిన విద్య.

ఈ జాబితాకు ఇంకో ముఖం ఉంది. ఏ రూటర్లు వినిపిస్తున్నాయో తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలిసినట్టే. వైఫై వెతికే ఆప్ లొకేషన్ అనుమతి అడగడానికి కారణం అదే. వీధుల ఫొటోలు తీసే తన స్ట్రీట్ వ్యూ కార్లు రూటర్ల పేర్లే కాక పాస్‌వర్డ్ లేని నెట్‌వర్కుల్లో పోతున్న మాటల ముక్కలను కూడా పోగేశాయని 2010 మేలో గూగుల్ ఒప్పుకుంది. రూటర్‌ను గూగుల్ మ్యాపు లెక్కల్లోంచి తప్పించాలంటే పేరు చివర ఒక అండర్‌స్కోర్, దాని వెంట నోమ్యాప్ అనే ఇంగ్లీషు అక్షరాలు చేర్చాలి, మొత్తం 6 బైట్లు. తెలుగులో కృష్ణానగర్ అని పెట్టుకున్నవాళ్లకు మిగిలింది 2.

పేర్లు, చిరునామాలు వినడం వరకు ఒక సంగతి; పక్కవాళ్ల మాటల్ని పట్టి చదవబోవడం వేరే సంగతి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం అనుమతి లేని చొరబాటుకూ, మాటల్ని అడ్డంగా పట్టడానికీ మూడేళ్ల దాకా జైలు గాని, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పెట్టింది. హాస్టల్ నెట్‌వర్కు మీద 'ప్రాక్టీసు' చేస్తామనే సైబర్ సెక్యూరిటీ కోర్సు విద్యార్థులు అమీర్‌పేటలో తక్కువేం లేరు. సొంత రూటర్ ఒకటి కొనుక్కుని దాని మీద చేసుకుంటే చవక.

బ్లూటూత్ వైపు జాబితా మరీ అల్లరి. తక్కువ శక్తి బ్లూటూత్‌కున్న 40 ఛానళ్లలో ప్రకటనలకు ముఖ్యంగా వాడేవి మూడే. వాటిని వైఫై 1, 6 మధ్య సందులోనూ, పట్టీ రెండు చివరలనూ పెట్టారు, తెలివైన ఏర్పాటు. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సేతు ఆప్ ఈ ప్రకటనలను వినే, ఎవరెవరు ఎదురుపడ్డారో రాసుకునేది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ వచ్చింది. తాళాలు, బ్యాగులు వెతుక్కోడానికి చేసిన ఆ బిళ్లను ఇంకొకరి హ్యాండ్‌బ్యాగులో వేసి వెంటాడటం ఎంత తేలికో జనం త్వరలోనే కనిపెట్టారు. చిరునామా మార్చుకుంటూ పోయే బిళ్లను చేత్తో జాబితా చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఆపిల్, గూగుల్ కలిసి ఒక పద్ధతి రాసుకుని 2024 మేలో ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పెట్టాయి. ఇక్కడ వడపోత మనిషి చెయ్యడు, ఫోనే చేస్తుంది. అది చూసేది పేరూ కాదు, బలమూ కాదు. యజమాని దగ్గర లేకుండా ఉన్న ట్రాకర్ ఏదైనా, నేను చోటు మారుతున్నా నాతోనే వస్తోందా అని చూస్తుంది. మెట్రోలో పక్క సీటువాళ్ల బిళ్ల ఈ జల్లెడలో నిలవదు, స్టేషన్ దిగగానే పోతుంది. యూసుఫ్‌గూడలో దిగి, టిఫిన్ చేసి, సందుల్లో నడిచి హాస్టల్ గది దాకా వచ్చినది మాత్రం మిగులుతుంది.

అలాంటి హెచ్చరిక వస్తే ఫోను నుంచే ఆ బిళ్లతో శబ్దం చేయించి వెతకొచ్చు. దొరికింది ఎయిర్‌ట్యాగ్ అయితే బ్యాటరీ పీకేముందు దాని తెల్లని వైపును ఫోను వెనకకు ఆనించాలి. ఒక పేజీ తెరుచుకుని సీరియల్ నంబరు చూపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే పోలీసు శాఖ షీ టీమ్స్‌కు ఫిర్యాదు ఇచ్చేటప్పుడు పనికొస్తుంది. బిళ్లను ఏ ఆపిల్ ఖాతాకు జోడించారో ఆ నంబరు మీద తేలుతుంది.